గంప మూసిన చోట వేపమొక్క

ముందు ఈ అవ్వ చెప్పేది విను, తర్వాత రాసుకో. నా మాటను నా యాసలో రాయొద్దు, చదివేవాళ్లు తడుముకుంటారు. నువ్వు ప్రొద్దుటూరు కాలేజీలో పరీక్షకు రాస్తావే, ఆ తెలుగులో రాయి. మనుషులు మాట్లాడుకున్నవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాయి. మీ తాత మాటను మర్యాదగా మార్చి రాస్తే అది మీ తాత మాటే కాకుండా పోతుంది.

మన మిట్టచేను నీకు తెలుసు, చదివేవాళ్లకు తెలియదు కదా. వీరపునాయునిపల్లె దాటి మన ఊరికి వచ్చే దారిలో, ఊరికి ఎగువన, ఎర్రగా, గులకరాళ్లతో ఉండే నేల అది. దిగువన నల్లరేగడిలో శెనగ వేస్తాం. మిట్టన ఏదీ పండదు. మనకు గొర్రెలు ఉన్నాయి, వాటితో కలిసి తిరిగే నాలుగైదు మేకలు ఉన్నాయి. ఆ మిట్ట వాటిది. దాని నడిమధ్య ఒక పెద్ద వేపచెట్టు ఉండేది. పొద్దున మేతకు పోయిన మంద, ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి దానంతట అదే ఆ చెట్టు కిందికి చేరేది. ఎండ ముదిరితే గొర్రె మేయదు. నీడ దొరక్కపోతే పక్కనున్న గొర్రె పొట్ట కింద తల దూర్చి నిలబడిపోతుంది. మంద మొత్తం అట్లా తలలు దాచుకుని నిలబడితే చూడ్డానికి నవ్వొస్తుంది గానీ, సాయంత్రానికి వాటి డొక్కలు చూస్తే ఏడుపొస్తుంది. నీడ ఉంటేనే పడుకుంటాయి, నెమరేస్తాయి, చల్లబడ్డాక మళ్లీ లేచి మేస్తాయి.

ఒక ఎండాకాలం చివర గాలివాన వచ్చి ఆ చెట్టును వేళ్లతో సహా పడగొట్టింది. అప్పటికి నువ్వింకా హైస్కూల్లో ఉన్నావు. కొమ్మల మీదెక్కి ఫోటోలు దిగావు, గుర్తుందా? అదే.

మీ నాయన చెట్టు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"అమ్మా, నీడ లేకుండా మందను యాడ నిలబెడ్తాం? ప్రొద్దుటూరులో తెలిసిన బేరగాడు ఉండాడు. అన్నీ ఒకేసారి ఇచ్చేద్దాం."

"ఇచ్చేసి ఏం జేస్తావురా?" అన్నాడు మీ తాత. "బండెక్కి ఊరంతా తిరుగుతావా?"

"తిరగను నాయనా. శెనగచేను సూసుకుంటా. ఎండకు గొర్రెలు సస్తాంటే సూస్తా కూచోను."

వాడు చెప్పింది తప్పని నేను అనను. వాడు చేయాల్సింది చేశాడు కూడా. నాలుగు గుంజలు పాతి రేకులు కప్పాడు. ఆ రేకుల కింద ఎండలో కంటే ఉడుకు. ఒక్క గొర్రె అడుగు పెట్టలేదు. తర్వాతి గాలికి ఆ రేకులు ఎక్కడికో పోయాయి. ప్రొద్దుటూరు నర్సరీ నుంచి మొక్కలు తెచ్చి నాటాడు. మిట్టన నీళ్లెక్కడివి? బండికి రెండు పక్కలా క్యాన్లు కట్టుకుని మోశాడు. పండుగని ఒకసారి, జ్వరమని ఒకసారి మానేశాడు, అంతే, మొక్కలు పుల్లలయ్యాయి. మీ తాత అన్నాడు: "అదంతట అది మొలిచిందైతే ముందు వేరు దింపుకుంటాది. తెచ్చి పెట్టింది మన మొగం సూస్తాది."

పక్క చేను వాళ్ల చింతచెట్ల కింద మందను నిలుపుకుంటూ వచ్చాం. వాళ్లు మంచివాళ్లే. కానీ చీనీ తోట, అదే బత్తాయి తోట, పెట్టి చుట్టూ కంచె వేస్తామని అప్పటికే చెప్పేశారు. బోరు పడితే వేసేస్తారు. మీ నాయన అప్పుడు నాతో ఒక మాట అన్నాడు.

"సరేమ్మా. మన మిట్టన ఒక్క మొక్క నిలబడ్డాదని నాకు సూపించు. అది చెట్టయ్యేదాకా ఎట్లనో నెట్టుకొస్తా. నిలబడకపోతే, ఎవరికోసం ఆగాల నేను?"

అదీ సంగతి. ఒక్క వేపమొక్క నిలబడితే మంద ఉంటుంది. లేకపోతే పోతుంది. నేను పెళ్లై వచ్చిననాటి నుంచి ఆ మందతో తిరిగినదాన్ని. మంద లేని ఇంట్లో పొద్దున లేచి ఏం చేయాలో నాకు తెలియదు.

ఇక్కడి నుంచి నాకు అర్థం కాని కథ మొదలవుతుంది. నువ్వు రాసేటప్పుడు సరిచేయాలని చూడొద్దు.

మరుసటి తొలకరికి, పడిన చెట్టును కోసి తీసేసి గుంత పూడ్చిన చోట వేపమొలకలు గుంపుగా లేచాయి, కొత్తిమీర మడి మాదిరి. అంతకుముందు చెట్టు కింద నీడకు, మంద తొక్కుడికి గడ్డిపరక కూడా మొలిచేది కాదు. ఇప్పుడు ఎండ పడింది, అన్నీ లేచాయి. వేపతో పాటు పల్లేరు, తెల్లపూల వయ్యారిభామ, పేరు తెలియని గడ్డి, అంతా కలిపి మేము కసువు అంటాం. నేను మురిసిపోయి పులివెందులలో ఉన్న మా అక్కకు ఫోన్ చేశాను. వాళ్లకు చీనీ తోట ఉంది, చెట్ల సంగతి ఆమెకు తెలుసని నా నమ్మకం.

"ఏమ్మే, మేము చెట్టు చుట్టూ పాది తీస్తాం," అంది అక్క. "పాదిలో ఒక్క గడ్డిపోచ ఉండనియ్యం. కసువంతా పీకెయ్. అది ఉంటే మొక్కకు బలం యాడిది?"

పీకేశాను. మూడు పూటలు కూర్చుని, వేపమొలకలు తప్ప ఇంకేమీ లేకుండా పీకేశాను. వాకిలి మాదిరి శుభ్రమైంది. ముగ్గు వేయడమే తక్కువ. ఆ తర్వాత వాన ముఖం చాటేసింది. ఆ ఎర్రనేల పెనం మాదిరి కాలింది. మొలకలు ముందు ఆకులు ముడిచాయి, తర్వాత మెడలు వాల్చాయి. వారం తిరిగేసరికి అన్నీ ఎండు చీపురుపుల్లలు. పీకని చోట, పక్కనే, వయ్యారిభామ పచ్చగా నవ్వుతోంది.

అక్కకు మళ్లీ ఫోన్ చేశాను.

"నీళ్లు పొయ్యకుండా పాది తీసినావా? ఏందిమే నువ్వు!"

"నువ్వు నీళ్లని చెప్పలేదు గదక్కా!"

"నీళ్లు పొయ్యాలని కూడా చెప్పాల్నా? అన్నం తినమంటే నోట్లో పెట్టుకోమని కూడా చెప్పాల్నా?"

సరే, నాకు ఒక సంగతి అర్థమైందనుకున్నాను. కసువు ఉంటే నీడ. నీడ ఉంటే తడి. తడి ఉంటే మొలక. కాబట్టి మరుసటి ఏడాది చెయ్యి పెట్టలేదు. మీ అమ్మను కూడా పెట్టనివ్వలేదు. వేపగింజలు ఎక్కడివంటావా? మేకలు తెస్తాయి. పొలంగట్ల మీద దూరదూరంగా ఉన్న వేపచెట్ల కింద పండ్లు ఏరుకు తింటాయి, నెమరేసేటప్పుడు గింజలు ఊసేస్తాయి. సాయంత్రం మంద ఆ మిట్టన కాసేపు ఆగుతుంది కాబట్టి అక్కడ గింజలకు కొదవ లేదు.

వానలు కూడా బాగా పడ్డాయి. కసువు నడుము ఎత్తు పెరిగింది. నేను రోజూ వెళ్లి గట్టున నిలబడి చూసేదాన్ని, లోపల మొలకలు పెరుగుతున్నాయనుకుని. ఒకరోజు ఆగలేక రెండు చేతులతో కసువును పక్కకు తీసి చూశాను. మొలకలు ఉన్నాయి. దారపు పోగుల్లా ఉన్నాయి, తెల్లగా, ఎండ మొహం చూడని ముఖాలతో. కసువును పక్కకు తీసేసరికి ఆనుకోవడానికి ఏమీ లేక పడిపోయాయి. కసువు ఎండే కాలానికి అవీ పోయాయి.

నీడ కావాలంటే నీడ ఇచ్చాను కదా. మొదటి ఏడు ఎండ ఇచ్చాను కదా. నీడకూ చచ్చి, ఎండకూ చచ్చి, ఇంకేం కావాలి దానికి?

మా పుట్టిల్లు జమ్మలమడుగు పక్కన. అక్కడ గోడలకే కాదు, దొడ్లకు కంచెగా కూడా నాపరాయి బండలే నిలబెడతారు. మేము స్నానం చేసే చోట పరిచిన బండల మధ్య ఒక సందు ఉండేది. వేలు కూడా దూరని సందు. ఏటా అందులో ఒక వేపమొక్క మొలిచేది. బండలు లేస్తాయని మా అమ్మ ఏటా పీకేది. అది ఏటా వచ్చేది. వద్దు వద్దన్న చోట అట్లా వచ్చింది. నీళ్లు ఉన్నాయని వచ్చిందా? అంత చిన్న సందులో ఇంకేదీ మొలవలేదు కాబట్టి వచ్చిందా? ఇక్కడ నేను చేతులు జోడించినా రాదు. ఈ సంగతి మీ తాతతో అంటే, "అయితే మిట్టన బండలు పరచి రోజూ పొయ్యి నీళ్లు పోసుకో" అన్నాడు. ఆయన ఎప్పుడూ అంతే.

మూడో ఏడు చెబుతాను. ఆ ఏడు తొలకరికి గొర్రెలు వరసపెట్టి ఈనాయి. తల్లులు మేతకు పోతే పిల్లలు వెంట పడి కాళ్ల కింద నలుగుతాయి కదా, అందుకని వాటిని పెద్ద గంప కింద మూస్తాం. నువ్వు చిన్నప్పుడు ఆ గంపలో దూరి బయటికి రాలేక ఏడ్చావు, అదే గంప. దానిపైన తడి గోనె వేస్తాం, ఎండ తగలకుండా. పిల్లలు మూత్రం పోసి నేల తడిసిపోతే, గంపను పక్కకు జరుపుతాం. ఆ ఏడు చెట్టు పడిన చోటే గంపలు పెట్టాం, చదునుగా ఉందని. నేను మొక్క మీద ఆశ వదిలేసినట్టే.

గంప మూసిన చోట కసువు పచ్చదనం పోయి, పాలిపోయి, కుళ్లిపోయింది. గంప జరిపాక అక్కడ గుండ్రంగా బోడినేల మిగిలింది. చుట్టూ నడుమెత్తు కసువు, మధ్యలో గంపంత గుండ్రం. మిట్ట అంతా నాణేలు పరిచినట్టు ఉండేది. వానలు వెనకపట్టే కాలానికి ఆ గుండ్రాల్లో ఒకదానిలో వేపమొక్క కనిపించింది. జానెడు పైనే ఉంది. కాడ గట్టిగా, గోధుమరంగు తిరిగి. మధ్యలో కాదు, ఒక పక్కకు, పడమటి అంచున. సాయంత్రం ఎండ దాని మీద పడకుండా వెనక ఉన్న కసువు అడ్డుకుంది. పొద్దున ఎండ మాత్రం నిండుగా పడేది.

దాని పక్కనే గొంతుక్కూర్చుని ఆకులు లెక్కపెట్టాను. కసువు పీకితే చచ్చింది, ఉంచితే చచ్చింది, గొర్రెపిల్లలు పాడుచేసిన చోట బతికింది! మిగతా గుండ్రాలన్నీ వెతికాను. ఏమీ లేదు. పిల్లల్ని ఎక్కువ రోజులు మూసిన చోట నేల తెల్లగా ఉప్పు పట్టి గడ్డి కూడా రాలేదు. కొన్నింటిలో మొలకలు వచ్చి పోయిన గుర్తులు. అంటే గంప వల్ల కాదా? ఎరువు వల్లనా? అంచున ఉండబట్టా?

మీ నాయనకు చూపించాను. కూర్చుని కాడను వేలితో తట్టాడు.

"నిలబడినట్టే ఉండాదిమ్మా," అన్నాడు. "ఈ ఎండాకాలం దాటితే నమ్ముతా."

ఇంక మేకల నుంచి కాపాడాలి. ముళ్లకంప వేస్తే ఎవరో పొయ్యిలోకి ఎత్తుకుపోయారు. మళ్లీ వేస్తే మళ్లీ పోయింది. అప్పుడు నాకు తోచింది. గంప మూసేస్తే సరి! పొద్దున మంద వచ్చేముందు మూయడం, మంద పోయాక తీయడం. మొక్కకు ఎండా అందుతుంది, మేక నోరు అందదు. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చెప్పేదేముంది అనుకున్నాను.

ఒక సాయంత్రం మిట్టకు పోతే గంపలోంచి "మే మే" అని అరుపులు. పక్కనే మీ అమ్మ తాడు పేనుతూ కూర్చుంది.

"గంపలో ఏముండాయిమే?"

"పిల్లలత్తా. తల్లుల వెంట పడ్తాండాయని మూసినా. రెండో గంప అల్లకానికి ఇచ్చినాం గదా, ఈడ ఇదే ఉండె."

గంప ఎత్తాను. చలికాలంలో పుట్టి నెల దాటిన పిల్లలు, రెండు. వాటి మధ్య ఒక పుల్ల. ఒక్క ఆకు లేదు. ఒక పిల్ల మూతికి ఈనె ఇంకా వేలాడుతోంది.

"దీని కింద నా మొక్క ఉండాదిమే!"

"గంప కింద మొక్క ఉంటాదని ఎవరన్నా అనుకుంటారా అత్తా?" మీ అమ్మ కూడా లేచింది. "నేను పుట్టినప్పట్నుంచి గంప మూసింటే లోపల పిల్లలో, కోళ్లో ఉంటాయి. నాకు చెప్పింటే గదా!"

"ఎత్తినప్పుడు అగుపడలేదా?"

"ఒక పక్క ఎత్తి లోపలికి తోసినా. పిల్లల్ని పట్టుకోవాల్నా, కసువును సూసుకోవాల్నా?"

మీ తాత కర్ర ఆనించుకుని వింటున్నాడు. "గొర్రెలు తినకుండా గంప మూసింది మీ అత్త. గొర్రెలు పారిపోకుండా గంప మూసింది నువ్వు. గంపకేం తెలుసు పాపం," అని నవ్వాడు. ఆ నవ్వుకు మీ అమ్మకు ఏడుపొచ్చింది. నాకు కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. మీ అమ్మ తప్పేముంది? గంపను చూస్తే ఎవరైనా అదే చేస్తారు.

మీ నాయన వచ్చి ఆ పుల్లను చూశాడు.

"అయిపాయె గదమ్మా. బేరగానికి ఫోన్ చేస్తా."

బేరగాడు ఇప్పుడు తీరదని, వచ్చే నెల వస్తానని చెప్పాడట. ఆ నెలంతా నేను మిట్టకు పోలేదు. పిల్లల్ని తీసేశాక ఆ గంపను ఎవరు అట్లాగే బోర్లించి వదిలేశారో తెలియదు. మీ అమ్మ నేను కాదంటుంది. నేనూ కాదు.

బేరగాడు చిన్న లారీ తీసుకుని వచ్చాడు. మంద మిట్టన ఉంది. ఆయన గొర్రెల వీపులు నొక్కి చూస్తూ, ఒక్కోదాని నోరు తెరిచి పళ్లు చూస్తున్నాడు. మీ తాత అటు తిరిగి నిలబడ్డాడు. నేను ఒక పిల్ల తల్లిని పట్టుకుని దాని చెవి నిమురుతున్నాను. లారీ దగ్గరికి రావడానికి దారి చేద్దామని మీ నాయన ఆ గంపను ఎత్తాడు. ఎత్తి అట్లాగే నిలబడిపోయాడు. మళ్లీ మూసేశాడు.

"అన్నా," అన్నాడు బేరగాడితో, "పొట్టేళ్లు మాత్రం తీసుకుపో."

"ఏమప్పా! మందంతా అంటే గదా లారీ తెచ్చినా. ఇప్పుడు పొట్టేళ్లంటావు!"

"గంప ఎత్తి సూసినా."

"గంపలో ఏముండాది? పాముండాదా?"

"వేపమొక్క ఉండాది."

బేరగాడు మీ నాయన ముఖంలోకి చూశాడు, మీ తాత ముఖంలోకి చూశాడు, నన్ను చూశాడు. "ఈ ఇంట్లో ఎవురితో మాట్లాడాల నేను?" అన్నాడు. మీ తాత అప్పుడు ఇటు తిరిగాడు.

నేను పోయి చూశాను. పుల్ల మొదట్లో రెండు చిగుళ్లు, ఎర్రగా, నిగనిగలాడుతూ. గంప అల్లిక సందుల్లోంచి చుక్కలు చుక్కలుగా ఎండ పడుతోంది వాటి మీద. పిల్లలు తినకపోతే ఆ ఎండకు పెద్ద ఆకులు వాడిపోయేవేమో? లేక తినకపోతే ఇప్పటికి ఇంకా పెద్దదయ్యేదా? ఎవరో మరిచిపోయిన గంప బతికించిందా, ముందే దిగిన వేరు బతికించిందా? నేను ఎన్నిసార్లు అడిగినా నువ్వు నీ పుస్తకంలో మాటే చెబుతావు.

మొన్న చెప్పావు కదా, ఇది కూడా రాయి.

"అవ్వా, పెద్ద మొక్కల మధ్య ఖాళీ దొరికితేనే చిన్న మొలకకు ఎండా నీళ్లు అందుతాయి."

"మరి మొదటేడు అంతా ఖాళీనే గదా పాపా?"

"అది మరీ ఎక్కువ ఖాళీ అవ్వా. ఎండకు నేల ఆరిపోయింటాది."

"ఎంతైతే సరిపోతాది?"

"అది నేలను బట్టి, వానను బట్టి, ఏ మొక్క అనేదాన్ని బట్టి..."

"అంటే గంపంతనా?"

"గంపంతే అని ఎట్ల చెప్తానవ్వా!"

నేను ఊరుకోలేదు. ఆ తర్వాతి తొలకరికి కావాలనే గంపలు మూశాను, పిల్లల్ని పెట్టి, జరిపి, అన్నీ ముందు మాదిరే. గుండ్రాలు వచ్చాయి. పడమటి అంచులు వచ్చాయి. మొలకలు కూడా వచ్చాయి. ఒక్కటి నిలబడలేదు. వాన తక్కువని మీ తాత అన్నాడు. చీమలని మీ నాయన అన్నాడు. మా అక్క ఫోన్లో, "నీకు చేతకాదులే, వదిలెయ్" అంది.

ఆ ఒక్కటి మాత్రం ఉంది. పుల్ల నుంచి వచ్చిన రెండు చిగుళ్లలో ఒకటి పెరిగి, ఇప్పుడు నాకంటే పొడవు. ఈ మధ్యే పక్క చేను వాళ్లకు బోరు పడింది. డ్రిప్పు పైపులు దింపారు, కంచె రాళ్లు కూడా వచ్చాయి. ఇంక ఆ చింతచెట్ల నీడ మనకు లేదు. మీ నాయన మధ్యాహ్నం మందను వంక దాకా, అంత దూరం, తుమ్మచెట్ల కిందికి తోలుకుపోతున్నాడు. ముఖం నల్లబడింది. అయినా బేరగాడి మాట ఎత్తడం లేదు. దారిలో ఆగి ఆ మొక్కను ఒకసారి చూసి పోతాడు, చూసినట్టు నాకు తెలియకుండా.

నిన్న మధ్యాహ్నం దాని నీడ చూశాను. గంపంత ఉంది. మీ అమ్మ గంపను తెచ్చి సరిగ్గా ఆ నీడలో మూసి, ఈసారి నన్ను పిలిచి మరీ చూపించింది.

"సూడత్తా, బయట పెట్టినా. మొక్క బయట, పిల్లలు లోపల. మళ్ల నన్ననొద్దు."

తర్వాత చేతిలో కొడవలి పట్టుకుని మొక్క చుట్టూ చూసింది. ఈ వానకు కసువు మళ్లీ మోకాలెత్తు వచ్చింది.

"దీని మొదట్లో కసువు తీసేయాల్నా, ఉంచాల్నా?"

నేను నోరు తెరిచాను. తీయమని చెబుదామనుకున్నాను. మొదటి ఏడు గుర్తొచ్చింది. ఉంచమని చెబుదామనుకున్నాను. రెండో ఏడు గుర్తొచ్చింది.

"రోంత ఆగు," అన్నాను.

"ఎంతసేపత్తా?"

ఆమె కొడవలి కింద పెట్టి కూర్చుంది. నేనూ కూర్చున్నాను. గంపలో పిల్లలు అరుస్తున్నాయి.